చిన్నత్త నది, తాతయ్య గీత

మా చిన్నత్త ఒక్క అంగలో నది దాటేది. అవతలి ఒడ్డున టీ తాగి, మళ్ళీ ఒక్క అంగలో ఇవతలికి వచ్చి పనిలో కూర్చునేది. ఈ మాట బళ్ళో చెబితే పక్క బెంచీ వాళ్ళు పగలబడి నవ్వి, "కోతల తాత మనవరాలివి కదా, ఆమాత్రం కొయ్యకపోతే ఎలా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తాతయ్య సంగతి ఏమోగాని, చిన్నత్త నది అక్షరాలా నిజం. నేను కళ్ళారా చూశాను.

ఊరి పైభాగాన పాత గిడ్డంగుల వెనక ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. నదుల ఆఫీసు వాళ్ళు మా ఊరి నదిని వంపులతో, వంతెనతో, రేవు మెట్లతో సహా సిమెంటులో పోతపోసి ఆ షెడ్డు నేల మీద పరిచారు. పంపు తిప్పితే పై చివర నీళ్ళు మొదలై, ఊరి మధ్య నుంచి పారి, కింది చివర తొట్టిలో పడి, గొట్టాల్లోంచి మళ్ళీ పైకి చేరేవి. నదికి రెండు వైపులా వీధులు. వీధుల నిండా అగ్గిపెట్టెలంత కొయ్య ఇళ్ళు. ఈ పనికి కంప్యూటర్లు ఇంకా రాని రోజులు. ఎంత వరద వస్తే ఏ వీధి మునుగుతుందో తెలియాలంటే నీళ్ళు వదిలి చూడటం ఒక్కటే దారి.

అక్కడ పనిచేసే వాళ్ళకు ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరి ఇల్లు వాళ్ళే చెయ్యాలి. పంపు తిప్పే ఆయన తన ఇంటికి లేని మేడ కట్టుకున్నాడు. ఆఫీసులో గొడవై పీకించారు. చిన్నత్త మా ఇంటిని రేవు సందు మలుపులో సరిగ్గా నిలబెట్టి, తలుపుకు ఆకుపచ్చ రంగు వేసింది. ఆ కొలతలో తలుపు గోరంత కూడా ఉండదు. అయినా వేసింది. నన్ను మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు చూపించిందదే. "అదుగో, ఆ తలుపు వెనక నువ్వు లెక్కలు చెయ్యకుండా నిద్రపోతున్నావ్" అంది.

ఆవిడకు ఆ ఉద్యోగం వేళ్ళ వల్ల వచ్చింది. తాతయ్య టైలరు. ఇంటి ముందుగదే కొట్టు. చిన్నత్త చిన్నప్పటి నుంచీ ఆయన పక్కన కూర్చుని గుండీలు కుట్టింది, కాజాలు తీసింది. షెడ్డు వాళ్ళకు సన్నపని చేసే మనిషి కావాలంటే వెళ్ళి చెయ్యి చాపింది, తీసుకున్నారు. ఆవిడ పని ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, నది అడుగున పట్టకారుతో గులకరాళ్ళు అతికించడం. అసలు నదిలో రాళ్ళూ, చెట్లూ, బురదా నీటికి అడ్డం పడి దాన్ని నిదానింపజేస్తాయి. సిమెంటు నదిలో ఆ పని ఈ గులకరాళ్ళు చెయ్యాలి. రాళ్ళు ఎక్కువైతే నీరు నిదానించి మట్టం పెరుగుతుంది, తక్కువైతే మట్టం దిగి పరుగు పెరుగుతుంది. రెండోది, నీటి మీద కాగితపు చుక్కలు చల్లడం. ఆఫీసుల్లో కాగితాలకు బెజ్జాలు కొట్టే మిషన్లో రాలతాయే, ఆ చుక్కలు. అవి ఎటు పోతే నీరు అటు పోతున్నట్టు, ఎంత జోరుగా పోతే నీరు అంత జోరుగా పోతున్నట్టు. పైన దూలానికి కట్టిన కెమెరా వాటిని ఫొటోలు తీసేది.

ఆ చుక్కలు మా ఇంటినిండా ఉండేవి. చిన్నత్త జడలో, తాతయ్య గుడ్డల బీరువాలో, మా కంచాల్లో. "ఒక్క నాడన్నా కాగితం లేని ముద్ద తింటానా నేను" అని అమ్మ సణిగేది. నేను మా బడి ఆఫీసు గదిలో బతిమాలి డబ్బా నిండా చుక్కలు పోగుచేసి తెచ్చి ఇస్తే, చిన్నత్త నా బుగ్గ గిల్లి మరీ తీసుకునేది. ఇన్నేళ్ళయినా కాగితాలకు బెజ్జాలు కొట్టే చప్పుడు వింటే నాకు ఆవిడ జడలోంచి వచ్చే జిగురు వాసన గుర్తొస్తుంది.

చిన్నత్త పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. పెళ్ళి మాట ఎత్తితే, "నన్ను చేసుకునేవాడు ముందు నా నదిలో రాళ్ళు అతికించి చూపించాలి" అనేది. ఎవరూ చూపించలేదు. షెడ్డులో ఉన్నది "మా నది", ఊళ్ళో పారేది "బయటి నది". బయట వాన పడి నీరు వీళ్ళ లెక్కకు మించి వస్తే, "బయటిది తప్పు చేస్తోంది" అని తేల్చేసేది.

ఇక తాతయ్య గీత సంగతి.

మా గుమ్మం పక్క గోడ మీద అడ్డంగా ఒక ఎర్ర గీత ఉండేది. తాతయ్య వయసులో ఉన్నప్పుడు వచ్చిన పెద్ద వరద అంతదాకా వచ్చిందని గుర్తు. ఇంటికి సున్నం వేసిన ప్రతిసారీ, అన్ని గోడలూ అయ్యాక, తాతయ్య స్వయంగా కుంచె పట్టుకుని ఆ గీత మళ్ళీ దిద్దేవాడు. ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. కొలతలు ఇచ్చుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ గీత చూపించి కథ చెప్పేవాడు. కుట్టుమిషన్ నెత్తిన పెట్టుకుని, ఆ నీళ్ళలోంచి మిట్ట మీదికి చేరి, దాన్ని ఎలా బతికించుకున్నాడో.

"నీళ్ళు నెత్తి మీదుగా పోతుంటే, రెండు చేతులతో మిషన్ పట్టుకుని ఎలా ఈదావు తాతయ్యా?" అని నేను అడిగేదాన్ని.

"కాళ్ళతో" అనేవాడు, కత్తెర ఆపకుండా.

పిల్లలం రేవు వైపు అడుగు వేస్తే చాలు, రెక్క పట్టుకుని తెచ్చి ఆ గీత కింద నిలబెట్టేవాడు. "చూడు. నీ నెత్తికి పైన ఉందా లేదా? మునిగిపోతావా లేదా?" ఉండేది. మునిగిపోతామనే అనుకునేవాళ్ళం. నేను ఎదిగీ ఎదిగీ నిచ్చెన అని పేరు తెచ్చుకున్నాక కూడా అది నా నెత్తికి పైనే ఉండేది. మా బళ్ళో ఒక్కరోజు కూడా నదిలో దిగని పిల్లని నేనొక్కదాన్నే. అందుకు తాతయ్యను తిట్టుకోని రోజు లేదు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు షెడ్డుకు పెద్ద పని వచ్చింది. ఊరి మొత్తానికి వరద పటం గీయాలి. వరదలో మనిషి నిలవలేని చోట్లు ఎర్ర రంగు. ఎర్ర రంగు పడ్డ చోట ఇక ఎవరూ కాపురం ఉండటానికి వీల్లేదు, వాళ్ళకు కొండదారి అవతల జాగా ఇస్తారు. ఈ వార్త వినగానే మా వీధికి నిద్ర పట్టలేదు. రొట్టెలాయన ఆ ఏడే కొత్త బట్టీ కట్టించుకున్నాడు. ఆయన రోజూ పొద్దున మా అరుగు దగ్గర నిలబడి చిన్నత్తను పట్టుకునేవాడు.

"తల్లీ, నీ చేతిలో పని. కాస్త చూడు. బట్టీని ఎత్తుకెళ్ళడానికి అదేమన్నా కుర్చీనా?"

"నా చేతిలో రాళ్ళే ఉన్నాయి బాబాయ్" అనేది చిన్నత్త. "రంగు నీళ్ళే వేస్తాయి."

పటం గీసే ముందు, షెడ్డు నది అసలు నదిలాగే నడుచుకుంటోందో లేదో చూసుకోవాలి. అందుకు పాత పెద్ద వరద ఆనవాళ్ళు కావాలి. ఆ వరద వంతెన స్తంభం మీద ఎక్కడిదాకా వచ్చింది, బడి గోడ మీద ఎక్కడిదాకా వచ్చింది, ఇలా. షెడ్డులో అంత వరదే వదిలితే అక్కడక్కడ సరిగ్గా అంతే మట్టం రావాలి. రాకపోతే రాళ్ళు మార్చాలి. ఈ పనికి పెద్ద ఇంజనీరు మా చిన్నత్త వాళ్ళ గడ్డం సారు. నెమ్మదస్తుడు, మాట్లాడే ముందు గడ్డం గోక్కునేవాడు. ఊరంతా తిరిగి ఆనవాళ్ళు ఏరుకుంటూ మా గుమ్మం దగ్గరికి వచ్చి, ఆ నెలే సున్నం వేసి దిద్దిన గీతను చూసి పొంగిపోయాడు. "ఇంత శుభ్రంగా కాపాడిన ఆనవాలు ఊళ్ళో ఇంకోటి లేదండీ" అన్నాడు. తాతయ్య కథ మొత్తం విన్నాడు, కాళ్ళతో ఈదటంతో సహా. గీత ఎత్తు కొలుచుకున్నాడు. తాతయ్య ఆ రోజు ఆయన చొక్కాకు ఊడిపోయిన గుండీ కూడా కుట్టి పంపాడు.

తర్వాత షెడ్డులో తిప్పలు మొదలయ్యాయి. వరద వదిలితే వంతెన దగ్గర సరిపోయింది. బడి గోడ దగ్గర సరిపోయింది. మా గుమ్మం దగ్గర మాత్రం నీరు బియ్యపు గింజంత తక్కువ వచ్చేది. షెడ్డు కొలతలో బియ్యపు గింజంత అంటే బయట చాలా ఎత్తు. గడ్డం సారు గడ్డం గోక్కుని, "మలుపులో రాళ్ళు పెంచండి" అనేవాడు. చిన్నత్త బోర్లా పడుకుని రాళ్ళు అతికించేది. మా ఇంటి దగ్గర మట్టం కాస్త పెరిగేది, బడి గోడ దగ్గర లెక్క తప్పేది. అక్కడ రాళ్ళు పీకేది. ఇక్కడ మళ్ళీ తగ్గేది. ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. మోచేతులు దోక్కుపోయి, జిగురు గోళ్ళతో ఇంటికొచ్చి, "మన గుమ్మానికి ఏం మాయరోగమో గాని, నీళ్ళు అక్కడికి ఎక్కమంటే ఎక్కవు" అని పళ్ళు నూరేది. చివరికి మలుపంతా రాళ్ళతో నింపి, నీళ్ళను బలవంతాన మా గీత దాకా ఎక్కించారు. ఎక్కిస్తే ఏమైంది? మా వీధి వీధంతా మునిగింది. రొట్టెలాయన బట్టీ, లాండ్రీ, మందుల కొట్టు, అన్నీ.

ఆ సంగతి చిన్నత్త ఇంట్లో చెప్పిన పూట తాతయ్య మిషన్ ముందు కూర్చుని, దారం ఎక్కించిన సూదికే మళ్ళీ దారం ఎక్కించబోయాడు.

వానాకాలం మొదటి జల్లు పడ్డ రోజు సాయంత్రం, చిన్నత్త తడిసిన గొడుగు గుమ్మం పక్క మేకుకు తగిలించబోయి ఆగిపోయింది.

"ఒసే నిచ్చెనా, ఇలా రా. ఈ మేకు నేను ఎక్కడ కొట్టాను?"

"గోడకి."

"తెలివి తెల్లారినట్టే ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు కొట్టాను దీన్ని. చీకట్లో కూడా కనిపిస్తుందని సరిగ్గా ఆ ఎర్ర గీత మీద కొట్టాను. మీ నాన్న సుత్తి తెచ్చిచ్చాడు."

నేను చూశాను. మేకు మీద సున్నం పూత మీద పూత ఎక్కి తెల్లటి బుడిపెలా ఉంది. గీత దానికి బెత్తెడు పైన ఉంది. నేను ఆ గోడ పక్క నుంచి రోజూ వెళ్ళేదాన్ని. చిన్నత్తా వెళ్ళేది. అందరం వెళ్ళేవాళ్ళం. కొంచెం కొంచెంగా కదిలే దాన్ని ఎవరు చూస్తారు?

చిన్నత్త గొడుగు పట్టుకునే ముందుగదిలోకి వెళ్ళింది. "నాన్నా, ఆ గీత ఎక్కిందా, నా మేకు దిగిందా?"

తాతయ్య తలెత్తలేదు. "మేకే దిగుంటుంది. గొడుగు బరువుకి."

"నవ్వులాటగా ఉందా? ఆ గీత పట్టుకునే వీధి మొత్తం లేపేస్తున్నారు. బోర్లా పడుకుని రాళ్ళు అతికించింది నేను! నిజం చెప్పు, ఎంతదాకా వచ్చాయి నీళ్ళు?"

"వచ్చినంతదాకా వచ్చాయి" అని తాతయ్య కత్తెర బల్ల మీద పడేశాడు. "ఇన్నేళ్ళూ నా మాట కాదన్న మనిషి లేడు ఈ వీధిలో. కడుపున పుట్టిందానివి, నువ్వు కాదంటావా?"

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఏదన్నా చెప్పుకోవాలంటే నా ద్వారానే. "మీ తాతయ్యని అన్నానికి రమ్మను." "మీ చిన్నత్తని ముందు తినమను." ఇద్దరూ అదే గదిలో ఉండేవాళ్ళు. నాకు విసుగెత్తిపోయింది. నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

చిన్నత్త బాధ నాకు కొంత అప్పుడే తెలిసింది, మిగతాది తర్వాత తెలిసింది. ఆఫీసులో నోరు విప్పితే, సొంత ఇల్లు కాపాడుకోవడానికి ఆనవాలు తప్పంటోందని అంటారు. వాళ్ళు నమ్మినా, తండ్రి ఊరందరి ముందూ అబద్ధాలకోరు అవుతాడు. విప్పకపోతే, ఎక్కని నీళ్ళను ఎక్కించి వీధిని లేపేసిన చెయ్యి తనదవుతుంది. ఆవిడ నెమ్మదిగా ఆలోచించే రకం కాదు. ఒక పొద్దున రొట్టెలాయన అరుగు దగ్గర నిలబడి ఏమీ అడక్కుండా, రొట్టె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని తినలేదు. తిన్నగా షెడ్డుకు వెళ్ళి గడ్డం సారుకు మేకు సంగతి చెప్పేసింది.

గడ్డం సారు కోప్పడలేదు. "నాకూ ఆ ఒక్క చోటే నచ్చలేదమ్మా. ఆనవాలు మరీ అందంగా ఉందని దాన్నే నమ్మాను" అన్నాడట. ఆ రోజే మట్టం చూసే దుర్భిణి మోయించుకుని మా ఇంటికి వచ్చాడు. వీధి వీధంతా వెంట వచ్చింది. రొట్టెలాయన పిండి చేతులతోనే వచ్చాడు.

తాతయ్య గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం సారు ఎంతో మర్యాదగా, "పెద్దాయనా, ఇంకోసారి కొలుచుకుని పోతాం" అన్నాడు. తాతయ్య ఆయన్ని చూశాడు, వీధిని చూశాడు, చివరికి చిన్నత్తను చూశాడు. ఆవిడ మొహం మాడ్చుకుని నేల చూస్తోంది. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు వేసేసుకుంటాడనే అనుకున్నాను. కుట్లు విప్పే చిన్న కత్తి పట్టుకుని బయటికి వచ్చాడు.

గోడ ముందు గొంతుకూర్చుని సున్నం గీకడం మొదలుపెట్టాడు. పై పూత పెచ్చులుగా రాలింది. ఎర్ర గీత పోయింది. దాని కింద, మేకు దగ్గర, ఇంకో ఎర్ర గీత కనిపించింది. ఇంకా కింద మరొకటి. ఆయన గీకుతూనే మాట్లాడాడు, గోడతో చెబుతున్నట్టు.

"పైది ఈ నిచ్చెనది. మేకు దగ్గరిది దీని నాన్నది, మీసాలొచ్చినప్పటిది. ఈ కిందది కూడా వాడిదే, బళ్ళో వేసినప్పటిది."

"నాదేది?" అంది చిన్నత్త. అన్ని రోజుల తర్వాత తండ్రితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

"నువ్వెప్పుడూ పొట్టిదానివే. నీకు కొత్తది అక్కర్లేకపోయింది."

ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నత్త మూతి ముడుచుకుంది. తాతయ్య ఇంకా కిందికి గీకాడు. అన్ని పూతల అడుగున, పాత గోడ మీద, రంగు లేదు. నిలిచిపోయిన బురదనీళ్ళ మరక. గోధుమరంగు చార, గోడ పొడవునా. తాతయ్య లేచి నిలబడితే అది ఆయన నడుము దగ్గర ఉంది.

"ఇంతే" అన్నాడు. "నడుము లోతు. నడుము లోతు నీళ్ళొచ్చాయంటే పిల్లలు భయపడతారా? గంతులేస్తారు. పెరిగే పిల్లల గుడ్డలకి లోపల మడత వదలమూ? అలాగే వదిలాను. వాళ్ళు పెరిగినప్పుడల్లా విప్పాను."

వీధిలో ఎవరూ నవ్వలేదు. గడ్డం సారు మరక ఎత్తు కొలుచుకుని, గడ్డం గోక్కుని, "మేమూ వదులుతామండీ. లెక్క తేలినదాని మీద ఇంకాస్త ఎత్తు కలిపే గీస్తాం. ఎవరు ఎంత వదిలారో ఒకరికొకరం చెప్పుకోకపోవడమే పొరపాటు" అన్నాడు. ఆ మనిషి మీద నాకు ఆ క్షణంలో కలిగిన ప్రేమ ఇప్పటికీ పోలేదు. అవమానంతో చావాల్సిన ముసలాయనను ఒక్క మాటతో తోటి పనివాణ్ణి చేశాడు.

"మరి నడుము లోతే అయితే, అంత భయపెట్టడం దేనికి తాతయ్యా?" అన్నాను నేను. తాతయ్య కత్తి తుడుచుకున్నాడు.

చిన్నత్త మలుపులో తను అతికించిన రాళ్ళన్నీ పీకింది. అతికించడానికి పట్టినంత కాలమూ పట్టింది, తిట్లు మాత్రం రెట్టింపు. కొత్తగా వరద వదిలే రోజున, ఆనవాలు చెప్పిన మనిషిగా తాతయ్యను షెడ్డుకు పిలిచారు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, కొయ్య ఊరు చుట్టూ తిరిగాడు. ఆకుపచ్చ తలుపు చూసి చిన్నత్త తల మీద చెయ్యి వేశాడు. 

పంపు తిప్పారు. నీళ్ళు ఒడ్డు దాటి వీధుల్లోకి వచ్చాయి. ఈసారి వంతెన దగ్గర సరిపోయింది, బడి దగ్గర సరిపోయింది, మా గుమ్మం దగ్గర బురద మరక ఎత్తుకే వచ్చి ఆగింది. వీధి పైభాగం పొడిగా ఉంది. రొట్టెలాయన కొయ్య బట్టీ గోడ కూడా తడవలేదు. చిన్నత్త మొహం వెలిగిపోయింది. పై నుంచి గుప్పెడు కాగితపు చుక్కలు చల్లింది.

చుక్కలు నిదానంగా వంతెన దాటాయి. రేవు సందు దగ్గరికి రాగానే, మా ఇంటి మూల పక్కనుంచి, ఎవరో లాగినట్టు ఒక్కసారిగా దూసుకుపోయాయి. అడ్డుపడే రాళ్ళు లేవు. మట్టం దిగింది, పరుగు పెరిగింది. చిన్నత్త మళ్ళీ చల్లింది. మళ్ళీ అక్కడే, అలాగే.

"అదుగో" అన్నాడు తాతయ్య. గొంతు ఆయనది కాదు. "అక్కడే."

గడ్డం సారు పంపు ఆపమని సైగ చేయబోతే, తాతయ్య వద్దన్నాడు. పారే నీటి పక్కన చతికిలబడ్డాడు.

"మా తమ్ముడు. ఒక చేత్తో నెత్తి మీద మిషన్ పట్టుకున్నాను, ఒక చేత్తో వాణ్ణి. నడుము లోతే కదా అనుకున్నాను. ఇదిగో, ఈ మూల తిరగ్గానే లాగేసింది. వాడి చెయ్యి జారింది. మిషన్ పారేసి రెండు చేతులా పట్టుకుని ఉంటే…" ఆయన ఆగాడు. "మిషన్ పారెయ్యలేదు నేను."

మాకు తెలిసిందల్లా, తాతయ్యకు ఒక తమ్ముడుండేవాడని, జ్వరమొచ్చి చిన్నప్పుడే పోయాడని. చిన్నత్త చేతిలోని చుక్కల డబ్బా కింద పడింది. ఆవిడ తడిలోనే కూర్చుని తండ్రి భుజం పట్టుకుంది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నేళ్ళూ మేం నవ్వుకున్న కథ అది. కాళ్ళతో ఈదాడని బళ్ళో అభినయించి చూపించాను నేను.

కొత్త పటంలో మా వీధి బయటపడింది, ఒక్క ఇల్లు తప్ప. లోతు చూస్తే మా ఇల్లు కూడా బయటపడవచ్చునని, కానీ వేగం చూస్తే మూల ఇంట్లో మనుషులు ఉండకూడదని గడ్డం సారు తేల్చాడు. చెప్పలేక చెప్పాడు. రంగులు వేసే పని కూడా చిన్నత్తదే. పటం బల్ల మీద పరుచుకుని, ఊరంతా పూర్తిచేసి, మా మూల దగ్గర కుంచె పట్టుకుని అలాగే కూర్చుండిపోయిందట. మధ్యాహ్నం ఇంటికొచ్చి తాతయ్య ముందు నిలబడింది.

"నాన్నా, మన ఇల్లు…"

"ఎర్రదే వెయ్యమ్మా" అన్నాడు తాతయ్య. "ఈసారి గోడకి కాదు, పటానికి వెయ్యి. అందరికీ కనపడుతుంది."

వేసింది. మేం కొండదారి అవతలికి మారాం. రొట్టెలాయన చివరి రోజు దాకా మా సామాను మోశాడు. బతికినంత కాలం మాకు రొట్టె పంపాడు. అదీ బట్టీలోంచి తీసిన మొదటి వాయిలోదే. కొత్త ఇంటికి సున్నం వేసినప్పుడు తాతయ్య కుంచె అడగలేదు. గీత లేని గుమ్మం నాకు చాలా కాలం బోసిగా ఉండేది.

షెడ్డు మూసేసి చాలా ఏళ్ళయింది. సిమెంటు నదిని పగలగొట్టి లారీల్లో తీసుకుపోయారు. ఇప్పుడు ఆ పనంతా తెర మీదే. చిన్నత్త తనతో తెచ్చుకున్నది ఆకుపచ్చ తలుపు కొయ్య ఇల్లొక్కటే. దాన్ని టీవీ మీద పెట్టుకుంది, దుమ్ము తుడవడానికి నన్ను నమ్మదు. నేను తాతయ్య మిషన్ మీదే కుడతాను. పెరిగే పిల్లల గుడ్డలకు లోపల మడత కాస్త ఎక్కువే వదులుతాను, దానికి మాత్రం ఎవరేమన్నా వినను.

పోయిన వానాకాలం బయటి నది పొంగింది. నీళ్ళు తీశాక నేను పాత వీధికి వెళ్ళాను. మా ఇల్లున్న మూల ఇప్పుడు ఖాళీ స్థలం, గడ్డి, ఒక దీపస్తంభం. స్తంభం మీద బురద మరక ఉంది. దాని పక్కన నిలబడి చూసుకుని ఇంటికొచ్చాను. చిన్నత్త కిటికీ దగ్గర కుర్చీలో ఎదురు చూస్తోంది. చూపు మందగించింది, నోరు మందగించలేదు.

"ఎంత?"

"నా నడుముకి కాస్త కింద."

"అంటే మీ తాతయ్య నడుముకి సరిగ్గా. జోరు?"

"బాగానే ఉందట. అక్కడేసిన సిమెంటు బెంచీ పెళ్ళగించుకుపోయింది. రొట్టెలాయన కొడుకు మేడ మీంచి చూశాడు."

"మనుషులో?"

"అక్కడ ఎవరున్నారు చిన్నత్తా, ఉండటానికి?"

ఆవిడ టీవీ మీది కొయ్య ఇంటి వైపు చూసింది, కనిపించిందో లేదో నాకు తెలియదు.

"నాన్నకి చెప్పాలి" అంది.

తాతయ్య పోయి ఎన్నేళ్ళయిందో మా ఇద్దరికీ తెలుసు.

"చెబుదాం" అన్నాను.